పెరట్లో కట్టే ఇల్లు ఎవరి కోసం?

మా రోజుల్లో ఇంటికి ఇంకో గది కలపాలంటే ముందు తేలాల్సింది ఒకటే: ఆ గదిలో ఉండేదెవరు? పెళ్లయిన పెద్దకొడుకా, పురిటికొచ్చిన ఆడపిల్లా, మోకాళ్లు సహకరించని నాయనమ్మా? అది తేలాకే మేస్త్రికి కబురు వెళ్లేది. ఇప్పుడు ఈ కాలిఫోర్నియాలో, మా ఫ్రీమాంట్, శాన్ హోసే చుట్టుపక్కల మన పిల్లలు పెరట్లో ఏడీయూ కట్టాలనుకోగానే ముందు తెరిచేది ఎక్సెల్ షీటు. అద్దె ఎంతొస్తుంది, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది, రేపు అమ్మితే ఇంటి ధర ఎంత పెరుగుతుంది. "ఎవరుంటారు బాబూ అందులో?" అని అడిగితే, "ప్రస్తుతానికి రెంట్‌కి ఇద్దాం అంకుల్, అమ్మానాన్న వస్తే వాళ్లుంటారు" అంటారు. ఆ "వస్తే" అన్నచోటే నాకు ఒళ్లు మండుతుంది.

ఏడీయూ అంటే ఉన్న ఇంటి స్థలంలోనే సొంత వంటగది, బాత్రూం, వేరే గుమ్మం పెట్టి కట్టుకునే చిన్న ఇల్లు. ఇది మనకేమీ కొత్త కాదు. తెనాలి దగ్గర మా ఊళ్లో 1950ల చివర్లో మా నాయనమ్మ కోసం మా నాన్న పెరటివైపు ఒక గది వేయించాడు. ప్లాను కాగితమంటూ లేదు. మేస్త్రి నాలుగు మేకులు పాతి, దారం లాగి, దాని వెంట ముగ్గు పోశాడు. నాయనమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి ఆ గీతల మధ్యలో నిలబడింది. "ఏమయ్యా మేస్త్రీ, మంచం ఎటు పడుద్ది?" అని అడిగింది. చూపించాడు. "అయితే కిటికీ ఇటు పెట్టు. పడుకున్నా నాకు గొడ్లసావిడి కనపడాల, దొడ్డిగుమ్మంలో ఎవరొచ్చారో తెలియాల" అంది. గడప ఎత్తు తగ్గించమంది. దొడ్లోకి వెళ్లే దారిలో బండలు పరవమంది. మేస్త్రి రెండు మేకులు పీకి అడుగు ఇవతల పాతాడు, మార్పు అయిపోయింది. ఇంకా ఒక్క ఇటుక కూడా పేర్చలేదు కాబట్టి ఖర్చూ లేదు. గోడలకు గానుగ సున్నం, పైన పెంకు, గట్టి వానొస్తే ఓ మూల కారేది. ఇంజనీరుగా ఇవాళ నేను ఆ గదికి చాలా వంకలే పెట్టగలను. కానీ ఉండబోయే మనిషిని నేల మీద నిలబెట్టి, అడిగి కట్టిన గది అది. ఆవిడ చివరిదాకా అందులోనే, తనకు కావలసినట్టు బతికింది.

ఇక ఈ దేశం సంగతి. 1980లలో నేనొచ్చేనాటికి మాబోటివాళ్లు కొనుక్కోగలిగినవి అప్పటికి ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఒక అంతస్తు ఇళ్లు. ముందు గరాజు, వెనకాల గడ్డి, మొత్తం ఆరువేల చదరపు అడుగుల స్థలం. చోటుంది, కష్టపడి కట్టుకునే వయసుంది, అనుమతే లేదు. రాష్ట్రం 1982లోనే రెండో ఇంటి విషయంలో ఒక చట్టం చేసింది. ఊళ్లు మాత్రం స్థలం ఇంతుండాలి, కార్లకు ఇన్ని చోట్లుండాలి అని షరతులు తగిలించి, ఆపైన బహిరంగ విచారణలు పెట్టేవి. మా అమ్మను మా పెరట్లో ఉంచుకోవడానికి వీధిలో వాళ్లందరి ముందూ నిలబడి బతిమాలుకోవాలి. ఆ విచారణలు తీసేసి, నిబంధనలకు సరిపోతే అనుమతి ఇచ్చి తీరాలన్న చట్టం 2002లో గానీ రాలేదు. ఈలోగా కొందరు గరాజులో గుట్టుగా గది కట్టుకుని, పక్కింటివాళ్లు ఊరి ఆఫీసుకు ఫోన్ చేస్తారేమోనని ప్రతిరోజూ భయపడుతూ గడిపారు. మా అమ్మ హాల్లో, రాత్రి పరిచి పొద్దున మడిచే సోఫా మీద పడుకుంది. నాలుగింటికే లేచే మనిషి. లైటు వేస్తే పిల్లలు లేస్తారని తెల్లారేదాకా చీకట్లోనే కూర్చునేది. అప్పుడు నాకు పెరట్లో ఇరవై అడుగుల గది కట్టుకోనిచ్చి ఉంటే ఏ ఊరికి ఏం నష్టం వచ్చేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇవాళ్టి పిల్లలకు ఆ బాధ లేదు. 2016లో చేసిన చట్టాలతో తలుపు తెరుచుకుంది, 2020 జనవరి నుంచి బార్లా తెరుచుకుంది. స్థలం చిన్నదని కాదనడానికి లేదు. పక్కకూ వెనక్కూ నాలుగడుగులు వదిలి, పదహారడుగుల ఎత్తు మించకుండా ఎనిమిదివందల చదరపు అడుగుల ఇల్లు కడతానంటే ఊరు ఒప్పుకోవాల్సిందే. కాగితాలన్నీ సరిగా ఇచ్చాక అరవై రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. గరాజును ఇల్లుగా మారిస్తే పోయిన కారు చోటుకు బదులు చూపించమనకూడదు. బస్సో రైలో అరమైలు దూరంలో ఉంటే కొత్త పార్కింగ్ అసలే అడగకూడదు. పాత ఇంటి మీద పన్ను లెక్క కూడా కదలదు, 1978 నాటి ప్రాప్ 13 పన్ను చట్టం పుణ్యాన కొత్తగా కట్టినదాని విలువే దానికి కలుస్తుంది. మేం ముప్పై ఏళ్లు ఎదురుచూసినవి ఇవన్నీ. ఇంత చేతికందాక దాన్ని వాడుకుంటున్న తీరు చూస్తేనే కోపం వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 750 చదరపు అడుగుల లోపు కడితే ఊరు వేసే ఇంపాక్ట్ ఫీజులుండవు. దాంతో ఎవరి ప్లాను చూసినా 749. ఆ 749లోనే రెండు పడకగదులు, రెండు బాత్రూంలు ఇరికించాలి, ఎందుకంటే అద్దె గదుల లెక్కన వస్తుంది కదా. ఇక నడిచే దారి సన్నమవుతుంది, బాత్రూం తలుపు కురచవుతుంది, మంచం పక్కన వాకర్ తిరగదు. ఇద్దరు పెద్దవాళ్లకు ఒక పడకగది, కూర్చునే చోటు, సులువుగా తిరగగలిగే బాత్రూం చాలు. ఆ సంగతి డిజైనరుకు చెప్పేవాళ్లే లేరు.

నాలుగడుగుల సంగతీ అంతే. కనీసం అంత వదలమంటే అంతే వదిలి గోడ లేపుతున్నారు. స్ప్రింక్లర్లు లేని ఇంటికి సరిహద్దు నుంచి ఐదడుగుల లోపు గోడ వస్తే అది గంటసేపు మంటకు తట్టుకునేలా కట్టాలి, కిటికీలు ఆ గోడలో పావువంతు మించకూడదు. ఒక్క అడుగు ఇవతలికి జరిగితే ఆ బాధ తప్పుతుంది, వెలుతురూ వస్తుంది. జరగరు. పోనీ ఉన్న కిటికీ అయినా ఎటు చూస్తుంది? కంచె పలకల వైపు. మా నాయనమ్మ గొడ్లసావిడి కనపడాలంది. గుంటూరు నుంచి వచ్చిన మనిషికి పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసులో, మనవలు బడిలో. ఇంటి గుమ్మం కనపడాలి, ఎవరు ఎప్పుడొచ్చారో తెలియాలి. కిటికీ పెద్దింటివైపు పెట్టమంటే "ప్రైవసీ ఉండదు అంకుల్" అంటారు. తల్లి కంట పడకుండా ఉండటానికి ఇంత ఖర్చు పెట్టి ఇల్లు కట్టడమెందుకు?

గరాజును మార్చేవాళ్లకు ఇంకో మాట. గరాజు నేల పెద్దింటి నేల కన్నా దిగువన ఉంటుంది, నీళ్లు బయటికి పోవడానికి తలుపువైపు వాలు కూడా ఉంటుంది. దాని మీదే పలకలు పరిచేస్తే గుమ్మం దగ్గర మెట్టు అలాగే మిగిలిపోతుంది. రాత్రివేళ ఆ మెట్టు మీదే పడతారు పెద్దవాళ్లు. నేల లేపి సమం చేయించండి. బాత్రూంలో షవర్‌కు గట్టు లేకుండా నేలనే కాస్త వాలుగా చేయించండి. 2024 జూలై నుంచి ఇక్కడ కొత్త ఇళ్లకు బాత్రూం గోడల లోపల చేతికమ్మీలు బిగించడానికి కర్ర దన్ను పెట్టాలన్న నియమం వచ్చింది. దన్ను పెడుతున్నారు, ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెడుతున్నాడు, కమ్మీ మాత్రం బిగించరు. బిగిస్తే ఆసుపత్రిలా కనిపిస్తుందట, అద్దెకొచ్చేవాళ్లకు నచ్చదట. తొంభై డాలర్లు కూడా కాని కమ్మీ అది.

వంటగది దగ్గర మరీ అన్యాయం. మనవాళ్లు తాలింపు వేస్తారు, ఎండుమిరపకాయలు వేయిస్తారు, చేపల పులుసు కాస్తారు. ఇల్లు చిన్నదయ్యే కొద్దీ పొయ్యి మీది ఫ్యాను ఎక్కువ గాలి లాగాలని ఇక్కడి నిబంధనే చెబుతోంది, ఎందుకంటే పొగ పట్టే చోటు తక్కువ. అయినా అలంకారానికి సరిపడే హుడ్ ఎంచుకుంటారు. మొదటిరోజు పోపు వాసనకే ఇల్లంతా గోలగోల. ఇక ఆ తల్లి పెరుగన్నంతో సరిపెట్టుకుంటుంది, ఎవరితోనూ అనదు. గొట్టం గోడలోంచి నేరుగా బయటికి, వీలైనంత తక్కువ దూరంలో పోవాలి. అందుకు పొయ్యి బయటి గోడకు ఆనుకుని ఉండాలి. ఇది టైల్స్ ఎంచుకునేటప్పుడు కాదు, మొదటి గీత గీసేటప్పుడే ఆలోచించాలి.

మా మేస్త్రులు ఏ పనైనా మురుగునీరు పోయే దారి చూశాకే మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు అది చివర్లో గుర్తొస్తుంది. ఇక్కడ మురుగు గొట్టం సాధారణంగా అడుగుకు పావు అంగుళం వాలు పోవాలి. పెరట్లోంచి ముందున్న ప్రధాన గొట్టానికి అరవై అడుగులుంటే పదిహేను అంగుళాల పల్లం కావాలి. పెరడు వీధి కన్నా దిగువనుంటే పంపు పెట్టాలి. అలాగే కరెంటు. 1960ల ఇళ్లలో చాలావాటికి నూరు ఆంపియర్ల ప్యానెలే ఉంటుంది. కొత్తింటికి హీట్ పంపు, నీళ్ల హీటరు, కరెంటు పొయ్యి కలిస్తే రెండువందలకు మార్చక తప్పకపోవచ్చు, ఆ పనికి కరెంటు కంపెనీ వరుసలో నెలలు పడతాయి. గోడ రంగు గురించి వారాలు వాదించుకున్న మొగుడూ పెళ్లాలు ఈ రెండు లెక్కలు చూడకుండానే కాంట్రాక్టరుకు బయానా ఇచ్చేస్తారు. వాస్తు మాత్రం మరిచిపోరు. వంట ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యం తెగిందా అని హైదరాబాదుకు వీడియో కాల్ చేసి అడుగుతారు. అదే కాల్‌లో అమ్మను "నీకు మంచం ఎటుండాలమ్మా?" అని అడగొచ్చు. ఆవిడకు మాత్రం పని మొత్తం అయ్యాక వాట్సాప్‌లో ఫోటో వస్తుంది.

పెరట్లో గడ్డి మీద ముగ్గు పోసి అసలు కొలతల్లో గోడలు గీయమని నేను ప్రతివాళ్లకూ చెబుతున్నాను. పెద్దవాళ్లు వచ్చినప్పుడే వాళ్లను అందులో నడిపించండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి, రాత్రి బాత్రూం‌కు ఎటు లేస్తారో చూపించమనండి. కాగితం ఊరి ఆఫీసులో ఇవ్వకముందే ఇదంతా ఉచితం. ఇచ్చాక ప్రతి మార్పుకూ డబ్బు, మళ్లీ ప్లాన్ చెక్.

ఇప్పుడు మరో మాట వినబడుతోంది, అమ్మకం. ఊరు ఒప్పుకుంటే ఏడీయూను కాండోలా విడదీసి అమ్ముకోవచ్చని 2023లో చట్టం చేశారు, 2024లో శాన్ హోసే ముందుగా దారి తెరిచింది. ఇల్లు లేని కుర్రాళ్లకు అది మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. నా గోడు అమ్మానాన్నల పేరు చెప్పి కట్టేవాళ్లతో. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు. ఆ ఆరు నెలలకు ఏడాది లీజు మీద ఇంకెవరో అందులో ఉంటారు, పెద్దవాళ్లు మళ్లీ హాల్లో సోఫా మీద, నలభై ఏళ్ల కిందట మా అమ్మలాగే. అప్పుడు చట్టం అడ్డొచ్చింది. ఇప్పుడేం అడ్డొచ్చింది?

ఇందులో ఇంకో భాగం ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది కాబట్టి చాలా ఇళ్లలో కొంత సొమ్ము ఇండియా నుంచే వస్తుంది. తండ్రి గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న ఇల్లు అమ్మి పంపుతాడు, ఎటూ అబ్బాయి దగ్గరే ఉంటాం కదా అని. కాబట్టి పిల్లలూ, పెరట్లో కట్టే ఇంట్లో ఆయనకు ఏడాదిలో ఏ నెలలు ఖాయమో, అద్దె లీజు దానికి తగ్గట్టు రాస్తారో లేదో, రేపు అమ్మేస్తే ఆయన వాటా ఏమిటో కాగితం మీద రాసి చూపించండి. ఆ ఉద్దేశం లేకపోతే అదైనా ఇప్పుడే చెప్పండి, ఆయన అక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టకముందే.