ఛత్రనష్టవాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: ఐ హావ్ లాస్ట్ మై అంబ్రెల్లా ఎస్టర్డే.

అవతారిక: గొడుగు పోగొట్టుకొని, వానలో తడిసి, జ్వరము తగిలి బడికి పోలేని దినమున, ఉన్నత పాఠశాల విద్యార్థినైన నేను తమ్మునిచేత పంపిన సెలవుచీటిలోని తొలివాక్యమిది. అయ్యవారు రెండవ పదమును ఎర్రసిరాతో అడ్డముగా కొట్టి, అంచున నొక్క ముక్కయైనను వ్రాయక చీటిని తిరిగి పంపినందున, భాష్యము లేక యనాథయై పడియున్న ఈ వాక్యమునకు ఇన్నేండ్లకు నేనే పూనుకొనవలసివచ్చినది.

ప్రతిపదార్థము: ఐ = నేను; మై అంబ్రెల్లా = నా యొక్క గొడుగును; లాస్ట్ = పోగొట్టబడినదానినిగా; హావ్ = కలిగియున్నాను; ఎస్టర్డే = నిన్న. పోయిన గొడుగును కలిగియుండుట యెట్లని శంకింపరాదు. ఇది విరోధాభాసము. పూర్వాంగ్లమున ఈ క్రియ నిజముగనే స్వామ్యబోధకమై, చేపను పట్టబడినదానినిగా కలిగియున్నాను అను రీతిని మొదలై, కాలక్రమమున సొత్తు జారిపోయి కాలము మాత్రము మిగిలినది. మనకట్టి క్రియయే లేదు. ‘నాకు గొడుగున్నది’ అని, గొడుగును కర్తగా కూర్చుండబెట్టి, యజమానుని షష్ఠీవిభక్తిలో నొక మూలకు నెట్టుట మన సంప్రదాయము. హావ్ అను పదమునెడ తెలుగువానికి గల భయభక్తులకు మూలమిదియే యని నా యనుమానము; అర్జీలలో నది పట్టుకండువవలె వాడబడును.

తాత్పర్యము: నిన్న నా గొడుగు పోయినది.

వ్యాకరణవిశేషము: ఇచట పూర్వపక్షి లేచి, ‘గొడుగు పోయినది నిన్ననైనను, లేనిది నేడు, తడిసినది నేడు, కావున వర్తమానసంబంధము సిద్ధించుచుండగా హావ్ అసాధువెట్లగును?’ అని యడుగును. న్యాయమైన ప్రశ్నయే. ఎస్టర్డే లేనిచో వాక్యము నిష్కళంకము. పోయినది, ఇంకను దొరకలేదు, అరువిచ్చు పుణ్యాత్ములున్నచో ముందుకు రావచ్చును అని దాని ధ్వని. కాని నిన్న యనియో, 1947లో ననియో, రెండు గంటల క్రిందట ననియో ముగిసిన కాలమును పేర్కొన్నంతనే ఇంగ్లీషువాడు ఆ గదికి తాళము వేయును. ఈ వారము, ఇంతవరకు అనునవి తెరచియున్న గదులు. ‘దిస్ మార్నింగ్’ మరియు చిత్రము: పూర్వాహ్ణమున హావ్‌తో పొసగునది, భోజనమై కునుకు తీసి లేచునప్పటికి పొసగదు.

పాణిని ఈ చిక్కును మరియొక తీరున విప్పెను. సామాన్యభూతమునకు లుఙ్, నేటిది కాని భూతమునకు లఙ్, నేటిది కాక వక్త కంటబడనిదానికి లిట్. ఆయన చూచినది ఎల్ల. ఇంగ్లీషువాడు చూచునది సంబంధము. అందుచేత గతించినవారు సామాన్యముగా ఆ క్రియకు కర్తలు కాజాలరు. 1915లో గతించిన గురజాడవారు మద్రాసునకు పోయియున్నారని హావ్ కుటుంబపు క్రియతో జెప్పిన ఇంగ్లీషువాడు కనుబొమ లెత్తును. ‘కన్యాశుల్కము’ మనలను నవ్వించుచు వచ్చినదని అదే క్రియతో జెప్పిన నిక్షేపముగా సమ్మతించును, ఏలయన గిరీశము చావలేదు.

అమెరికావాడు ఇంత నిష్ఠాపరుడు కాడు. అప్పుడే వచ్చిన యతిథిని లండనువాడు ‘హావ్ యూ ఈటెన్?’ అనుచోట, న్యూయార్కువాడు ‘డిడ్ యూ ఈట్?’ అనుటకు జంకడు. మన ‘భోజనమైనదా?’ యను ప్రశ్న ఈ యుభయులకును దీటు. అడిగినవారి చూపు గడియారముపై లేదు, విస్తరిపై నున్నది.

ఇక ప్రకృతము. ఎర్రగీతతో చీటి ఇల్లు చేరిన మరునాటి యుదయమున, పొరుగింటి తాతగారు తమ యరుగు మూల నొదిగియున్న నా గొడుగును, ఊచ యొకటి వంగినదానిని, తెచ్చి మా తలుపు గొళ్లెమునకు తగిలించి పోయిరి. ఆ క్షణము నుండి, ఎస్టర్డే యున్నను లేకున్నను, హావ్ లాస్ట్ అనుటకు నాకధికారము లేకపోయెను. లాస్ట్ ఒక్కటియే మిగిలెను. అయ్యవారు పదమును మాత్రము కొట్టివేసిరి. ఒక రాత్రి యాలస్యముగా దాని యర్థమును కొట్టివేసినవారు తాతగారు.