ఎర్రటి ఎండలో చెమ్మ పరీక్ష

మా బిల్డరు పెట్టిన ఇళ్ళ తనిఖీ శిబిరం బ్రహ్మాండంగా జరిగిందట. షామియానా, లస్సీ, ఫ్లెక్సీ మీద చేతులు జోడించిన బిల్డరుగారు, ఏదీ తక్కువ కాలేదు. కళ్ళకీ షుగరుకీ పెట్టే ఉచిత శిబిరం గోడలకి కూడా వచ్చిందంటే బిలాస్‌పూర్ ఎంత ఎదిగిపోయిందో! మా ఇళ్ళ ఐదేళ్ళ వారంటీ నిండేది సెప్టెంబరులో. తనిఖీ మాత్రం ఏప్రిల్లోనే. ఎంత ముందుచూపు!

తనిఖీకి వచ్చిన ఇంజినీరు బాబు బిల్డరు దగ్గర జీతగాడే. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బయట అర్పా నదిలో ఇసుక మెరుస్తోంది. మా పడకగది ఉత్తరపు గోడ మీద శ్రావణం రాగానే చెమ్మ శ్రీలంకంత మొదలై, దసరా నాటికి ఆస్ట్రేలియా అవుతుంది. ఆయన ఆ గోడకి అరచెయ్యి ఆనించి, కాసేపు ఆగి, "సీలన్ కహాఁ హై, అంకుల్‌జీ? బిల్కుల్ సూఖా!" అన్నాడు. చెమ్మే లేదట, గోడ పొడిగా ఉందట.

సెల్లో పోయినేటి ఫోటోలు చూపించాను. అది ఏ ఇంటి గోడో ఎవరికి తెలుసన్నాడు. డాబా ఎక్కి చూడమన్నాను. ఎండగా ఉందన్నాడు. పోనీ బాత్రూములో ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరిద్దాం, జాలీ వైపు పోతాయో గుమ్మం వైపు వస్తాయో తేలిపోతుందన్నాను. వేసవిలో నీళ్ళు వృథా చెయ్యకూడదని నాకే బుద్ధి చెప్పాడు. నీళ్ళు తగలకుండా నీటి లీకు వెతికే విద్య ఏ కాలేజీలో చెబుతున్నారో గానీ, ఆయనకి ఫస్టు క్లాసు వచ్చి ఉంటుంది.

ఇక పగుళ్ళకి పుట్టీ, పుట్టీ మీద రంగు. దాన్ని మరమ్మతు అంటున్నారు.

చివరికి ఫారం తీశాడు. "అన్నీ సంతృప్తికరం" అని ముందే అచ్చయి ఉంది. కింద సన్నక్షరాల్లో, ఇకపై ఫిర్యాదులేవీ లేవని ఇంకో వాక్యం. సంతకం పెట్టినవాళ్ళకే లస్సీ.

పెట్టింది ఎవరయ్యా అంటే మనవాళ్ళే! ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికొచ్చి, తోర్వాలోనూ హేమూనగర్‌లోనూ స్థిరపడ్డ రైల్వే కుటుంబాలవాళ్ళు. బండి కదిలే ముందు సుత్తితో చక్రం తట్టి మోత విన్న టీఎక్స్ఆర్‌లు, అంటే ట్రైన్ ఎగ్జామినర్లు. సొంత హాల్లో టైలు మీద రూపాయి బిళ్ళతో కొట్టి, డొల్ల మోత వస్తుందేమో వినలేకపోయారా? అదే రైల్వేలో కొత్త లైను మీద ప్రయాణికుల బండి నడపాలంటే కట్టిన ఇంజినీర్ల మాట చాలదు, కమిషనర్ ఆఫ్ రైల్వే సేఫ్టీ వచ్చి చూడాలి. ఆ అధికారుల్ని 1941లోనే రైల్వే బోర్డు అదుపు నుంచి తప్పించారు. ఇప్పటికీ వాళ్ళు పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. పట్టాలు వేసినవాడి చేతి కింద పట్టాలు చూసేవాడు ఉండకూడదని తెల్లదొరలకే తెలిసింది. జీవితమంతా ఆ పద్ధతిలో ఉద్యోగం చేసి, పీఎఫ్ డబ్బంతా పోసి కొన్న ఇంటి దగ్గర మాత్రం లస్సీ గ్లాసుకి సంతకం పారేస్తారా!

వారంటీ బిల్డరుగారి దానమేం కాదు. 2016 నాటి స్థిరాస్తి చట్టం, రెరా, 14వ సెక్షన్‌లో ఉంది. ఇల్లు స్వాధీనమైన నాటి నుంచి ఐదేళ్ళలోగా లోపాన్ని మనం ఆయన దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా పుచ్చుకోకుండా బాగుచెయ్యాలి. చెయ్యకపోతే పరిహారం ఇవ్వాలి. ఇందులో షామియానా ఊసెక్కడా లేదు. ఫోటోలు పెట్టి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పడేస్తే, రేపు రాయపూర్‌లో రెరా ముందు చూపించుకోవడానికి కాగితమైనా ఉంటుంది.

నేను ఆ ఉత్తరమే రాశాను. ఆగస్టులో, వాన కురుస్తుండగా, నేను తెచ్చుకునే ఇంజినీరు ఎదుట మళ్ళీ చూడాలని అడిగాను. ఆఫీసు నుంచి మర్యాదగా ఫోనొచ్చింది. సిబ్బంది జారిపడే ప్రమాదం ఉంది కాబట్టి వానాకాలంలో తనిఖీలు చెయ్యరట.