లావుగా తిరిగొచ్చిన కవరు

నేను తిరుగుటపా కవరుని. ఖాకీరంగు, పొడుగు ఒళ్లు, కుడిమూలన 15 రూపాయల స్టాంపులు. ఉత్తరం వస్తే సంబరం, మనియార్డరు వస్తే పండగ. నేను మాత్రం పంపిన కథని మోసుకుని రాకపోతేనే ఆనందం. నా మీద ఉండేది రచయిత సొంత చిరునామాయే, కానీ నేను అలా ఆ గుమ్మం తొక్కకూడదని ఆ రచయితే మొక్కుకుంటారు. టపా కుటుంబంలో ఇలాంటి జాతకం ఇంకెవరికీ లేదు.

నన్ను కొన్నావిడ శ్రీకాకుళం జిల్లాలో ఒక తహసీల్దారు ఆఫీసులో టైపిస్టు. పగలంతా ఊళ్లోవాళ్ల కష్టాలు టైపు చేసేది. పొలం గట్టు తగాదా, రేషను కార్డులో తప్పుపడ్డ పేరు, ఆగిపోయిన పింఛను. రాత్రి వంటిల్లు సర్దాక ఆ కష్టాల్లోంచే కథలు రాసేది. రాసినవన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్లేవి. "ఇదీ ఒక కథేనా? పంపితే నవ్విపోతారు" అని ఆవిడే తీర్పు చెప్పేసి, ఆవిడే శిక్ష వేసేది.

ఒక వారపత్రిక దీపావళి కథల పోటీ ప్రకటన చూసి, ఏమనుకుందో ఏమో, ఒక కథ బయటికి తీసింది. కాగితం ఒక్కోటి 5 గ్రాములు, పది కాగితాలు, పైన నేను. తూకం వేసి పోస్టాఫీసులో 20 గ్రాములకి 5 రూపాయల లెక్కన స్టాంపులిచ్చారు. కథ రాసేటప్పుడు తడబడని చెయ్యి హామీపత్రం దగ్గర తడబడింది. "ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు." రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. సంతకం దగ్గర కలం ఆగిపోయింది. చివరికి చిన్న అక్షరాలతో గీసి, నన్ను మడిచి కథ వెనకాల పెట్టి, పెద్ద కవరు అంటించేసింది.

పత్రికాఫీసులో బల్ల మీద గుట్టలో పడ్డాను. మా కవర్లకి అక్కడ వినడమే పని. కథలు ఎందుకు తిరిగిపోతాయో నాకు తెలిసినంతగా రచయితలకి తెలీదు. "బాగుందండీ, కానీ ఎనిమిది పేజీలు. మనకున్న జాగా మూడు." "అత్తాకోడళ్లది పోయిన వారమే వేశాం కదా, మళ్లీనా?" "సంక్రాంతి కథ శివరాత్రికి పంపితే ఏం చేసుకుంటాం?" నిజంగా బాగోలేక వెనక్కెళ్లేవీ ఉన్నాయి, అబద్ధమెందుకు. కానీ బాగున్నదీ బాగోలేనిదీ అదే అచ్చు చీటీతో బయల్దేరతాయి. "ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం." ఇల్లు చేరాక రెండింటికీ ఒకటే అర్థం తీస్తారు, నీకు రాయడం రాదని.

ఆ బల్ల దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకరోజు ఇంకెవరిదో కథ చూపించి, "ఈవిడ ఇదే కథ మళ్లీ మార్చి పంపారు సార్, చాదస్తంలా ఉంది" అన్నాడు. పెద్ద సబ్‌ఎడిటరు కళ్లజోడు తీసి చూశాడు.

"1892లో ఆడిన నాటకాన్ని గురజాడవారు 1897లో అచ్చేశారు. అక్కడితో ఊరుకున్నారా? మొత్తం తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. ఇవాళ మనం కన్యాశుల్కం అంటున్నది ఆ రెండోదాన్నేనోయ్. అదీ చాదస్తమేనా?"

కుర్రాడు మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం కూడా ఆ ఉద్యోగంలో నేర్చుకోవలసిన విద్యే.

మా కథ వంతు వచ్చింది. పెద్దాయన ఎర్రసిరాతో అంచున నాలుగు ముక్కలు రాశాడు: "ముసలాయన మూడో పేజీలో నోరు విప్పాడు. కథ అక్కడ మొదలైంది. ముందు రెండు పేజీలూ మీరు మాకు సంజాయిషీ చెప్పుకున్నారు." కథని నాలో పెట్టి నోరు మూశాడు. లావుగా ఇంటిదారి పట్టాను. అలవాటైన రచయితలు మమ్మల్ని తెరవక ముందే చేత్తో నొక్కి చూస్తారు. లావుగా ఉంటే కథ వెనక్కొచ్చినట్టు, పలచగా ఉంటే లోపల ఒక్క ఉత్తరమే, అంటే అచ్చవుతున్నట్టు.

"అమ్మగారూ, మీ దస్తూరీతోనే మీకు ఉత్తరం వచ్చిందండీ!" అని పోస్టుమాన్ వీధంతా వినిపించేలా అరిచాడు. ఆవిడ నన్ను కొంగుచాటున లోపలికి తీసుకుపోయింది. చీటీ చదివి మొహం మాడ్చుకుంది. ఎర్రసిరా చదివి మాత్రం మంచం మీద కూలబడి, ఆ రెండు పేజీలూ మళ్లీ మొదట్నుంచీ చదువుకుంది. నిజమే. తను ఎక్కడ పుట్టిందో, ఎందుకు రాస్తోందో, తప్పులుంటే ఎలా మన్నించాలో, అన్నీ పాత్రల నోట చెప్పించింది. తన మీద తనకున్న అనుమానమే ఆ రెండు పేజీలూ నింపింది.

కత్తెరతో నా అంచులు కోసి నన్ను బల్లపరుపుగా పరిచింది. నా లోపలి వైపు తెల్లగా ఉంటుంది. అక్కడే కొత్త ఎత్తుగడ రాసింది. ఆఫీసు బెంచీ మీద కూర్చున్న ముసలాయన, "అమ్మా, నేను చచ్చిపోయానని రాసుకున్నారట. బతికే ఉన్నానని ఒక కాగితం టైపు చేసిపెట్టు" అంటాడు. ఆ పైన కొట్టివేతలు తక్కువ. రెండోసారి వెళ్లిన కవరు పలచగా వచ్చింది. బహుమతి కాదు, "సాధారణ ప్రచురణకు స్వీకరించాం" అని. ఆవిడ ఆ ఉత్తరాన్నీ నన్నూ ఒకే ఫైలులో పెట్టింది.

ఆ ఫైలుతోనే ఒకసారి శ్రీకాకుళంలోని కథానిలయం చూశాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల కోసం కట్టిన ఇల్లది. ఆయనా కొన్నేళ్లు కథలు రాయడం మానేసి, మళ్లీ మొదలుపెట్టాకే 'యజ్ఞం' రాశారు. అక్కడి పాత పత్రికల్లో పెద్దపెద్ద పేర్ల పక్కనే ఒక్క కథ రాసి ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. జాబితాలో వాళ్లకీ ఒక వరుస ఉంది. ట్రంకుపెట్టెల్లో ఉండిపోయినవాళ్లకి మాత్రం లేదు, ఎంత బాగా రాసినా.

ఇప్పుడు మెయిల్లో పంపేస్తున్నారు, నాకు పనిపోయింది. పర్లేదు, పంపడానికి చోట్లు మాత్రం తగ్గలేదు. దీపావళికీ సంక్రాంతికీ ఉగాదికీ పోటీలు పెడుతూనే ఉన్నారు. 1990 నుంచి కథాసాహితీవాళ్లు ఏటా మంచి కథలు ఏరి 'కథ' సంకలనం వేస్తున్నారు. 35 ఏళ్లలోపు వాళ్లకి సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఉంది. సముద్రాల అవతల ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానావాళ్లు నవలల పోటీ పెడితే 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం' గెలిచింది. అడవికి గొర్రెల్ని తోలుకెళ్లేవాళ్ల కథ అది, 2021కల్లా సినిమా కూడా అయింది. మా ఊరి సంగతులు ఎవరికి కావాలి అనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఎక్కడికి పంపినా హామీపత్రం మాత్రం ఇప్పటికీ అడుగుతున్నారు. అందరూ దాన్ని ఆఖర్న, విసుక్కుంటూ రాస్తారు. అనుమానం ఉన్నవాళ్లు ముందే రాసుకోవాలని నా సలహా. "ఈ కథ నా సొంతం" అని రాసి, కింద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టండి. బాగుందో లేదో తేల్చడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారు, ఆ పని వాళ్లని చెయ్యనివ్వండి.