తప్పు విల్లుదే!

కాంపౌండ్ విల్లు కొన్నారు, సంతోషం. ఇక బాణం సూటిగా ఎందుకు పోవట్లేదని అందరూ మిమ్మల్ని అడుగుతారు. ఆడలేక మద్దెల ఓడు అని పెద్దలు వెక్కిరించారు గానీ, మద్దెల నిజంగానే ఓడైతే నోరెత్తే వాళ్లెవరు? మీ విల్లును ఆ స్థితికి తెచ్చుకోవడానికి ఈ చిట్కాలు పాటించండి.

1. ఒక్కో బాణం ఒక్కొక్కరి దగ్గర అప్పు తెచ్చుకోండి. బాణం ఎంత వంగుతుందో చెప్పే స్పైన్ నంబరు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, చదవకండి. 340 ఒకటి, 400 ఒకటి, 500 ఒకటి కలిస్తే అంబులపొదికి నిండుదనం వస్తుంది. ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతుంది. అందులో మీ తప్పేముంది?

2. విల్లు కొనల దగ్గర తిరిగే కామ్‌ల జోలికి పోకండి. రెండు కామ్‌ల విల్లయితే, నారి పూర్తిగా లాగినప్పుడు పై స్టాపూ కింది స్టాపూ ఒకేసారి తగలాలట. ఒకటి తగిలాక రెండోదాని దగ్గర బియ్యపు గింజంత సందు మిగిలినా బాణం తోక పైకో కిందికో ఎగురుతుంది. కేబుల్‌కు ఒక మెలిక వేస్తే సరిపోవచ్చు, కానీ దానికి విల్లును వంచి పట్టే బో ప్రెస్ కావాలి. "మా ఊళ్లో ప్రెస్ లేదండీ" అనండి. ఈ ఒక్క మాట మీద ఏళ్లు గడిచిపోతాయి. ప్రెస్ ఉన్న వాళ్లతో మాత్రం స్నేహం పెంచుకోకండి.

3. పేపర్ ట్యూనింగ్ తప్పనిసరైతే తెలివిగా కానివ్వండి. ఫ్రేముకు పాత దినపత్రిక అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి దాని గుండా బాణం వేస్తారు. చిన్న గుండ్రటి చిల్లు, చుట్టూ మూడు ఈకల గాట్లు పడితే ట్యూనింగ్ కుదిరినట్టు. కాగితం పైకి చిరిగితే తోక పైకి లేచి వెళ్తున్నట్టు, అప్పుడు బాణం ఆనుకునే రెస్ట్‌ను కాస్త పైకి జరపాలి. ఇంత శ్రమ మనకెందుకు? పదిహేను మీటర్లు వెనక్కి వెళ్లి వేయండి. బాణం అక్కడికి చేరేలోపు ఈకలు దాని వంకర చాలావరకు సరిచేసేస్తాయి, చిల్లు బుద్ధిగా పడుతుంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. "ఏదీ, ఈకలు పీకిన బాణం ఒకటి వెయ్యి" అనే పెద్దమనిషి కనపడగానే ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడవండి.

4. గ్రిప్‌ను పిడికిలి బిగించి పట్టుకోండి, ఒక్కోసారి ఒక్కోలా. విల్లు నడిమి భాగం, అంటే రైజర్, మెలి తిరిగి కాగితం ఓసారి ఎడమకు, ఓసారి కుడికి చిరుగుతుంది. చిరిగిన ప్రతిసారీ రెస్ట్ స్క్రూ తిప్పండి. తిప్పే ముందు పాత చోట పెన్సిల్ గీత పెట్టుకోవడం పిరికివాళ్ల పని. పనిలో పనిగా నారికి కట్టిన డి-లూప్ కూడా జరిపేయండి. దేనివల్ల ఏం మారిందో ఇక ఆ బ్రహ్మకు కూడా తెలియదు.

5. ఈకలు రెస్ట్‌కు రాసుకుంటున్నాయేమో చూడటానికి పౌడర్ చల్లమంటారు. పౌడర్ ముఖానికి.

6. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. మైదానంలో గాలి ఉండనే ఉంది. హాల్లో అయితే ఏసీ గాలి. మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పేరు ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. 50 మీటర్ల అవతల 8 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయం, అలాంటి ఆటలో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు అంటారు. "ఆవిడ విల్లు వేరులెండి" అని టీ చప్పరించండి. లాగే బరువు గరిష్ఠంగా 60 పౌండ్లన్న నిబంధన ఆవిడ విల్లుకూ ఉందని ఎవరైనా అంటే, టీలో చక్కెర తక్కువైందనండి.

7. "ఒలింపిక్స్‌లోనే లేని ఆటకు ఇంత తాపత్రయమా?" అన్నది అన్నిటికన్నా బలమైన సాకు. కాకపోతే 2028 లాస్ ఏంజెలస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు, ఆపైన ఇది చెల్లదు. ఈలోపే వాడేసుకోండి.