మూడు కాలాలను అడిగే కాగితాన్ని

నేను జీవిత తృప్తిని కొలిచే ప్రశ్నావళిని. నాలో ఉన్నవి పదిహేను వాక్యాలు: గడిచిన కాలం గురించి అయిదు, ఇప్పటి బతుకు గురించి అయిదు, రాబోయే రోజుల గురించి అయిదు. ఒక్కో వాక్యం చదివి 1 నుంచి 7 లోపు ఒక అంకె వేయాలి. 1 అంటే అస్సలు ఒప్పుకోనని, 7 అంటే పూర్తిగా ఒప్పుకుంటానని.

నన్ను 1998లో విలియం పావట్, ఎడ్ డీనర్, యూన్‌కుక్ సుహ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. నాకొక అక్క ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డీనర్, సహచరులతో కలిసి 1985లో ప్రకటించిన అయిదు వాక్యాల కొలమానం ఆమె. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అయితే ఆమె వాక్యాలన్నీ ఒకే కాలానివి కావు. మొదటి మూడూ ఇప్పటి జీవితాన్ని అడుగుతాయి, చివరి రెండూ వెనక్కి చూడమంటాయి. బతుకు మళ్లీ మొదలుపెట్టే వీలుంటే ఏమైనా మార్చుకుంటారా అని అడిగే అయిదో వాక్యం మిగతావాటితో అంతగా కలవదని పరిశోధకులు గమనించారు. ఇవాళ తృప్తిగా ఉన్న మనిషికి నిన్న తృప్తిగా గడిచి ఉండాలనేముంది? ఆ కాలాలను విడివిడిగా అడగడానికే నేను పుట్టాను.

ఈ ఆలోచన నాతోనే మొదలైందని చెప్పను. మనస్తత్వ శాస్త్రవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ 1965లో వెలువరించిన పుస్తకంలో బతుకును కొలిచే ఒక నిచ్చెన ఉంది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు, అయిదేళ్ల కిందట ఎక్కడ, అయిదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు అని ఆయన పలు దేశాల ప్రజలను అడిగించారు. వాళ్లలో మన భారతీయులూ ఉన్నారు.

నా మీద అంకెలు వేసేవాళ్లలో విశ్వవిద్యాలయ విద్యార్థులూ ఉన్నారు. ఆ వయసులో మూడు కాలాలూ మనిషిని మూడు వైపులకు లాగుతాయి. ఇంటర్ రెండేళ్లూ ర్యాంకుల కోసం హాస్టల్ గదిలో గడిపి వచ్చిన అమ్మాయికి గతం ఒక బరువు. ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగిన అబ్బాయికి అదే గతం పెద్ద అండ. ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలైన నెలలో చివరి అయిదు వాక్యాల దగ్గర పెన్ను ఆగిపోతుంది. అలా ఆగడం ఏ పట్టికలోనూ కనిపించదు. నాకు బాధ కలిగించేది అదే.

అంతకంటే బాధ, నా అంకెలన్నీ కలిపేసి ఒక్క మొత్తం రాసుకోవడం. ఇద్దరు విద్యార్థులను తీసుకోండి. ఒకరికి గతంలో 30, వర్తమానంలో 20, భవిష్యత్తులో 10. మరొకరికి 10, 20, 30. ఇద్దరికీ మొత్తం 60. మొదటి విద్యార్థికి ముందున్న దారి మూసుకుపోయినట్టు అనిపిస్తోంది, రెండో విద్యార్థి కష్టాలు దాటి ఆశతో నిలబడ్డాడు. ఇద్దరినీ ఒకే గడిలో పడేస్తే నన్ను నింపించి ప్రయోజనం లేదు.

నేను జబ్బును తేల్చే పరీక్షను కాను. చదువు పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున నింపితే ఆ రోజు మనసే అంకెల్లోకి రావచ్చు. అందుకే నన్ను ఒక్కసారి నింపించి ఎవరినీ అంచనా వేయకండి.

అధ్యాపకులారా, మూడు భాగాలనూ విడిగా చదవండి. భవిష్యత్తు అంకెలు బాగా తగ్గిన విద్యార్థిని పిలిచి, తీరిగ్గా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మీతో చెప్పుకోలేకపోతే మానసిక సహాయం అందించే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఇవ్వండి. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.