పైరు లేని పొలం, టికెట్టున్న పాట

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో కొత్త పంటొకటి దిగింది. దానికి విత్తనం అక్కర్లేదు. యూరియా కోసం తెల్లవారుజామున క్యూలో చెప్పులు పెట్టి రావక్కర్లేదు. గిట్టుబాటు ధర కోసం ధర్నా అంతకన్నా అక్కర్లేదు, డబ్బు ముందే ఆన్‌లైన్లో వచ్చి పడుతుంది. దాని పేరు ఫార్మ్ కాన్సర్ట్.

శనివారం సాయంత్రం, ఎవరిదో నాలుగెకరాల ఫామ్‌హౌస్. తన పాట తనే రాసుకుని పాడుకునే కుర్రాడొకడు, చేతిలో గిటారు, చెట్ల కొమ్మలకు వేలాడదీసిన పసుపుపచ్చ బల్బులు. మిమ్మల్ని మళ్ళీ మట్టి దగ్గరికి తీసుకెళ్తామని నిర్వాహకులు మాటిస్తారు. ఆ కిందనే ఇంకో హామీ కూడా ఉంటుంది: బురద ఉండదు, పచ్చిక మీద చాపలు పరుస్తాం.

పాట మీద నాకు పగ లేదు. కుర్రాడి గొంతు మీద అసలే లేదు, చాలా సినిమా గొంతుల కన్నా నిజాయితీగా ఉంది. నా పేచీ అంతా టికెట్టు మీద అచ్చేసిన 'ఫ్యామిలీ ఫార్మ్' అన్న ముక్కతోనే. ఏ ఫ్యామిలీ? ఏ ఫార్మ్? యజమాని కుటుంబం గచ్చిబౌలిలో పద్నాలుగో అంతస్తులో ఉంటుంది. ఈ పొలంలో కాపురముండే కుటుంబం వాచ్‌మన్‌ది ఒక్కటే. పాలమూరు వైపు తన రెండెకరాలకు బోర్లు వేసీ వేసీ, నీళ్ళు పడక, అప్పు పడి, ఇక్కడికొచ్చి చేరాడు. కాబట్టి ఫార్మ్ కాన్సర్ట్‌లో రైతు లేడనడం అన్యాయం. ఉన్నాడు, గేటు దగ్గర టార్చిలైటుతో కార్లు పెట్టిస్తున్నాడు.

ఇక సేద్యం సంగతి. వేదిక పక్కన ఎడ్లబండి ఉంటుంది, ఎడ్లు ఉండవు. నులక మంచం ఉంటుంది, దాని మీద 'కూర్చోరాదు, ఫొటోలకు మాత్రమే' అని అట్టముక్క ఉంటుంది. ఓ మూల ఐదారు వరసల టమాటా మొక్కలు. పిల్లలు స్వయంగా కోసుకోవచ్చట, కాయకింత అని రేటు. నేను వెళ్ళిన చోట వంగి చూస్తే, కొన్ని మొక్కల మొదట్లో నల్ల ప్లాస్టిక్ కుండీ అంచు పైకి తేలి కనిపించింది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కుండీతో సహా పాతేశారు! ధర పడిపోయిన రోజున రైతు మార్కెట్టు బయట రోడ్డు మీద పారబోసి వెళ్ళే టమాటాకు కాయ లెక్కన గిరాకీ పుట్టించిన ఘనత మాత్రం వీళ్ళదే. మార్కెటింగ్ శాఖ ఇక్కడికొచ్చి శిక్షణ తీసుకోవాలి.

కచేరీని 'అన్‌ప్లగ్డ్' అంటారు. అందుకోసం ఓ పెద్ద జనరేటర్‌ని మామిడి చెట్టు వెనక దాచారు. దాని చప్పుడు మీదుగా కుర్రాడు నిశ్శబ్దం గురించి పాడాడు. తర్వాత వాన మీద పాడాడు, తడిసిపోవాలని ఉందన్నాడు. నాలుగు చినుకులు పడేసరికి సౌండ్ ఇంజినీరు టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తాడు, చాపల మీది మట్టి ప్రేమికులు కార్లలోకి పరుగెత్తారు. టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో ముందే ఉంది: వాన పడితే డబ్బు వాపసు ఇవ్వబడదు. ఆ మాటకొస్తే వాన పడకపోతే రైతుకూ ఎవరూ వాపసు ఇవ్వరు, అదొక్కటే ఇద్దరికీ పోలిక.

అసలు ముచ్చట ఇంకోటుంది. ప్రహరీ అవతల నిజంగానే ఓ పొలం ఉంది. ఒకాయన వరికి నీళ్ళు పెట్టుకుంటున్నాడు. మోటారు రొద రెండో పాటకు అడ్డొస్తోందట. కాసేపు ఆపమని నిర్వాహకులు మనిషిని పంపారు. "నా మడి పారినంక ఆపుత, అప్పటిదాంక మీరే జర ఆపుకోండ్రి" అన్నాడట ఆయన. ఆ సాయంత్రం నేను విన్న మాటల్లో మట్టివాసన వేసింది ఇదొక్కటే. దీనికి చప్పట్లు పడలేదు. పైగా 'లోకల్స్‌తో చిన్న ఇబ్బంది' అంటూ మైకులో క్షమాపణ చెప్పారు. పొలంలో కచేరీకి పొలం పనే ఇబ్బందైతే ఇంతదూరం రావడమెందుకు? రవీంద్రభారతిలో ఏసీ కూడా ఉంటుంది.

వాచ్‌మన్‌ని అడిగాను, పాటలెట్లా ఉన్నాయని. "మంచిగనే ఉన్నయి సార్," అని కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "ఆ పిలగాని ఇంట్ల ఎవరన్న పోయిన్రా?" అన్నాడు.

ఈ ఫార్మ్ కాన్సర్ట్‌లకు వంశవృక్షం కూడా చూపిస్తారు. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం అంటారు. నిజమే, 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్‌లో నాలుగు లక్షల మందికి పైగా జనం పోగైంది మాక్స్ యాస్గర్ పొలంలోనే. కానీ ఆయన పాలమ్ముకు బతికే రైతు. ఇరుగుపొరుగు దావాలు వేశారు. మరుసటి ఏడు మళ్ళీ పొలం అడిగితే ఇవ్వనన్నాడు, నా డెయిరీ నేను చూసుకుంటానన్నాడు. ఇంగ్లండ్‌లో మైకేల్ ఈవిస్ 1970లో తన వర్తీ ఫామ్‌లో మొదటి ఉత్సవం పెట్టినప్పుడు టికెట్టు ఒక్క పౌండు, పొలంలోని ఆవుల పాలు ఉచితం. మనవాళ్ళు పాలపొడి కాఫీకి వేరే బిల్లు వేస్తారు.

అంతకన్నా తమాషా ఏమిటంటే, అప్పుల్లో పొలాలు పోగొట్టుకుంటున్న అమెరికా రైతుల కోసం విల్లీ నెల్సన్, నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ 1985 సెప్టెంబరులో 'ఫార్మ్ ఎయిడ్' పెట్టింది పొలంలో కాదు, ఇల్లినాయ్‌లో ఓ ఫుట్‌బాల్ స్టేడియంలో. రైతు కోసం పాడేవాళ్ళకు స్టేడియం సరిపోయింది. రైతు పేరుతో అమ్ముకునేవాళ్ళకే పొలం కావాలి.

మనకు మాత్రం తన పాట తనే కట్టి పాడినవాళ్ళు కరువా? పసులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట 'మా భూమి' సినిమాలో ఉంది. అదే సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ పాడాడు. గోరటి వెంకన్న పల్లె శోకాన్ని 'కుబుసం' సినిమా ఊరూరా మోసుకెళ్ళింది. వీళ్ళ పాటల్లో మట్టి ఉందంటే, ఆ మట్టి ఎవరి పట్టాలో ఉందన్న ప్రశ్న కూడా ఉంది. ఆ ప్రశ్న ఫామ్‌హౌస్ పచ్చిక మీద ఎవరైనా పాడితే రెండో చరణానికి కరెంటు పోతుంది. ఇక నాట్లేసే ఆడవాళ్ళు ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుని పాడేవాళ్ళు. వినడానికి టికెట్టు లేదు, పైపెచ్చు కూలి మనమే ఇవ్వాలి. ఇప్పుడు నాట్లకు బెంగాల్, బిహార్ ముఠాలు వస్తున్నాయి. ఆ పాట ఎటు పోయిందో వెతికే పని ఏ నిర్వాహకుడూ పెట్టుకోలేదు.

చట్టం సంగతీ ఒకటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్ళెం వేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో దాన్ని సడలించారు. ఈ లోపు అక్కడ పంటల కన్నా ఫామ్‌హౌసుల ప్రహరీలే ఏపుగా పెరిగాయి. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు ఖాతాలో పడింది కానీ, కౌలుకు దున్నేవాడికి పడలేదు. సాగు ఆదాయానికి ఆదాయపన్ను లేదు. ఇన్ని సదుపాయాలున్న నేల మీద టికెట్టు పెట్టి జనాన్ని కూర్చోబెడితే దాన్నీ సాగే అందామా?

వ్యవసాయ భూమిని మరో పనికి వాడాలంటే రుసుము కట్టి మార్పిడి చేయించుకోవాలని 2006 నాటి చట్టం చెబుతోంది. రాత్రి పదికి మైకు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పంచాయతీ కార్యదర్శులకు నా మనవి ఒక్కటే. మీ ఊళ్ళో ఇలాంటి కచేరీ జరుగుతుంటే ఆపకండి, పిల్లవాణ్ణి పాడుకోనివ్వండి. గేటు దగ్గర నిలబడి, పైకప్పు లేని ఫంక్షన్ హాలుగా రాసుకుని, ఫంక్షన్ హాలుకు వేసే పన్నే వేసి రసీదు చింపివ్వండి.