మూడు కాళ్ల బేరం

కోఠి గుజరాతీ గల్లీ కానివ్వండి, చెన్నై రిచీ వీధి కానివ్వండి, సర్క్యూట్ల పిచ్చి పట్టిన కుర్రాడి కాళ్లు ఆగేది ఒక్క మాట దగ్గరే: 'మిగులు సరుకు, తూకానికి'.

"సంచీలో ఏమున్నాయన్నా?"

"అన్నీ ఉన్నాయి తమ్ముడూ."

అబద్ధం కాదు. ఏది ఏదో చెప్పేవాడే లేడు.

నల్లటి చిన్న ఒళ్లు, మూడు కాళ్లు. అది బీసీ 547 ట్రాన్సిస్టర్ కావచ్చు, ఉష్ణోగ్రత కొలిచే ఎల్ఎం 35 కావచ్చు, 5 వోల్టులిచ్చే 78ఎల్05 రెగ్యులేటర్ కావచ్చు. ట్రాన్సిస్టరే అని తేల్చుకున్నా తంటా తీరదు. చదును ముఖం మనవైపు తిప్పి, కాళ్లు కిందికి పెట్టి చూస్తే, బీసీ 547కి ఎడమకాలు కలెక్టర్. 2ఎన్3904కి అదే కాలు ఎమిటర్! పైన నంబరుందిగా అంటారా? అది ఏ పెద్ద కంపెనీయో తన కోసం వేయించుకున్న సొంత నంబరైతే, ఏ డేటాషీటూ పలకదు. ఇక పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల వైభవం వేరు: లోపల ద్రవం ఆరిపోయినా, పైన మైక్రోఫారడ్ల అంకె మాత్రం నిగనిగ.

'నేర్చుకునే పిల్లలకి భలే ఉపయోగం' అంటాడు అమ్మేవాడు. అవును, మల్టీమీటర్ పట్టుకోవడం బాగా వస్తుంది. ఫ్యాక్టరీ వదిలించుకున్న సరుకును ఏరే కూలీ మనమే, కూలి ఎదురిచ్చేదీ మనమే.

తూకానికే కొనాలనిపిస్తే రెసిస్టర్లు కొనుక్కో తమ్ముడూ. వాటికి రంగు గీతలైనా ఉంటాయి.